వృత్తియు, పిలుపును

ప్రతి సంవత్సరము జూన్ మాసమున మన పాఠశాలలో పిల్లలను చేర్చుకొనునపుడు తల్లిదండ్రులు ఒక పత్రము నింపవలసియుండును. పేరు, పుట్టిన తేది, మాతృభాష, ఇంటి చిరునామా, ఇవన్నియు చకచక సాగిపోవును. "తండ్రి వృత్తి" అను గడి దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము చాలమంది కలములు ఆగును. కొందరు ప్రక్కవారిని చూతురు. కొందరు "ఏదో ఒకటి వ్రాయుడు మాస్టరుగారూ" అని కలమును నా చేతికే ఇత్తురు. చాల సంవత్సరముల క్రిందట ఫాక్‌లాండ్ రోడ్డునుండి వచ్చిన ఒక తండ్రి ఆ గడిలో "మిల్లు కార్మికుడు" అని ముత్యములవంటి అక్షరములతో వ్రాసెను. ఆయన పనిచేసిన మిల్లు అప్పటికి మూతపడి చాలకాలమైనది. 1982వ సంవత్సరము జనవరి 18వ తేదీన ఆరంభమైన ఆ మహాసమ్మె తరువాత తిరిగి మగ్గము ముట్టని వేలాదిమందిలో ఆయన యొకడు. నేను ఆ మాటను వేలితో చూపితిని. "కొట్టివేసి మరేమి వ్రాయుదునండీ?" అని ఆయన అడిగెను. నాకు జవాబు తోచలేదు. ఆ మాటను అట్లే ఉంచితిమి.

ఈ వ్యాసము ఆ గడిని గురించినది. మనిషి చేయు పనికి, ఆ పని ఎందుకొరకు చేయుచున్నాడో ఆ ఉద్దేశమునకు గల సంబంధమేమి? పని పోయిననాడు ఆ ఉద్దేశము కూడ పోవునా? ఈ ప్రశ్న అన్ని మతములవారికిని కలదు. భాగవతమును తెనిగించిన పోతనామాత్యుడు నాగలి పట్టి బ్రతికినవాడని మనము పిల్లలకు చెప్పుచున్నాము. కబీరుదాసు నేతపని మానలేదు. కన్నడదేశమున బసవేశ్వరుడు కాయకమునే కైలాసమనెను. అయినను ఈసారి క్రైస్తవ విశ్వాసము ఈ ప్రశ్నకు ఎట్టి జవాబు చెప్పినదో, అదియు మన తెలుగు నేలమీద ఎవరి బ్రతుకులయందు చెప్పినదో విచారింపదలచితిని. చదువరులలో క్రైస్తవులు కొందరు, కానివారు పెక్కుమంది. ఎవరి నమ్మకము వారిదే. పెద్దల చరిత్రలు మాత్రము అందరివియు.

మొట్టమొదట ఒక మాటను గూర్చి. నేటి పిల్లలు "కెరియర్" అందురు. ఆ మాటలో పరుగు ఉన్నది, ముందుకు పోవుట ఉన్నది. క్రైస్తవులు వాడు మాట వేరు: పిలుపు. పిలుపు అన్నచో పిలుచువాడొకడు ఉండవలెను, వినువాడొకడు ఉండవలెను. ఐరోపాలో చాలకాలము ఈ మాటను సన్న్యాసులకు, గురువులకు మాత్రమే వాడుచుండిరి. మఠములో చేరినవానికే దేవుని పిలుపు వచ్చినదనియు, చెప్పులు కుట్టువానికిని పాలు పితుకుదానికిని అట్టిది లేదనియు తలచుచుండిరి. పదునారవ శతాబ్దమున మార్టిన్ లూథర్ ఈ భేదమును త్రోసివేసెను. తోటివానికి మేలు కలుగు ఏ న్యాయమైన పనియైనను దేవుని పిలుపే అని ఆయన బోధించెను. దీనికి ఆధారము బైబిలులోనే కలదు. యేసుక్రీస్తు సుమారు ముప్పది యేండ్లు వచ్చువరకు నజరేతులో వడ్రంగి యింట పెరిగినవాడు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల యింట బసచేసి, వారితోపాటు గుడారములు కుట్టుచు తన తిండి తాను సంపాదించుకొనెను. మన గల్లీలలో మిషను ముందు కూర్చుండి పగలెల్ల కుట్టుపని చేయు తండ్రులకు ఆ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. పగలు సూది, సాయంకాలము బోధ.

ఇక తెలుగు నేలకు వత్తము.

జాన్ ఎవెరెట్ క్లౌ అను అమెరికా దేశీయుడు 1836వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమున ఒక పల్లెప్రాంతమున పుట్టెను. కుటుంబము పడమటికి వలసపోయి కష్టముతో జీవించెను. కుర్రవాడు పదునెనిమిదేండ్ల ప్రాయము దాటకముందే మిన్నెసోటా ప్రాంతపు అడవులలో ప్రభుత్వపు భూమి కొలతగాండ్రవెంట గొలుసు మోయుటకు కుదిరెను. పనిని చూచి నేర్చుకొనెను; కొలది కాలములోనే తానే సర్వేయరయ్యెను. అటుపిమ్మట న్యాయవాది కావలెనను కోరికతో అయోవాలోని బర్లింగ్‌టన్ పట్టణమున కళాశాలలో చేరెను. దైవభక్తి అప్పటికి ఆయనకు లేదు. ఆయన గదిలో ఉన్న సహాధ్యాయి మాత్రము ప్రతిరాత్రి మోకరించి ప్రార్థన చేయువాడు. క్లౌ విసిగి, సుద్దముక్కతో గది నడుమ ఒక గీత గీసి, నీ ప్రార్థనలు ఆవలిప్రక్కనే చేసికొమ్మని చెప్పినట్లు ఆయన కథ చెప్పువారు చెప్పుదురు. ఆ గీత చాలకాలము నిలువలేదు. మొదట గీతకు ఈవల కూర్చుండి వినినవాడు తరువాత తానును మోకరించెను. మన చాళ్ళలో పది అడుగుల గదిలో ఆరుగురు ఉండువారికి ఈ గీత సంగతి వింతగా తోచదు. మన గదులలోను కంటికి కనబడని గీతలు ఎన్ని లేవు!

భక్తి కలిగిన పిమ్మట ఆయన న్యాయశాస్త్రమును విడిచి, మిషనరీగా పోవుటకు నిశ్చయించుకొనెను. అప్పటికి నెల్లూరులో అమెరికను బాప్తిస్టులు నడుపుచున్న తెలుగు మిషను మూతవేయుదమా అని పలుమార్లు చర్చకు వచ్చినది. ఏండ్ల తరబడి పనిచేసినను చేరినవారు అతి స్వల్పము. అట్టి చోటికి క్లౌ దంపతులు 1865లో వచ్చిరి. మరుసటి సంవత్సరము ఒంగోలు చేరిరి. తాను సర్వేయరుగా నేర్చిన విద్యను, న్యాయవాది కావలెనను ఆశను రెండింటిని సముద్రములో పారవేసి వచ్చితినని ఆయన అనుకొని యుండవచ్చును. పదునొకండు సంవత్సరములు తరువాతగాని ఆ మొదటి విద్య ఎందుకొరకో ఆయనకు తెలియలేదు.

ఒంగోలులో ఆయనకు మొదట ఎదురైన చిక్కు ఇది. ఊరిలోని అగ్రవర్ణముల యువకులు ఆయన పాఠశాలకును, ఆయన చెప్పు మాటలకును ఆకర్షితులైరి. వారు చేరినచో మిషనుకు గౌరవము, ధనము, పలుకుబడి కలుగును. ఇంతలో ఒంగోలునకు పడమట నలుబది మైళ్ళ దూరమునుండి యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ గృహస్థు తన భార్యతో వచ్చి బాప్తిస్మము పొందెను. పేరయ్య చర్మముల వర్తకుడు. వర్తకము నిమిత్తము ఉత్తరమున గోదావరి ప్రాంతములకు పోవుచుండగా అచ్చట మిషనరీల బోధ వినెను. అంతకు పూర్వము ఆయన గురువుల నాశ్రయించి యోగము అభ్యసించినవాడు. సత్యమును వెదకుట ఆయనకు క్రొత్త కాదు. పాదరక్షలు కుట్టు కులమున అట్టి జిజ్ఞాస ఉండునని ఒంగోలు పెద్దలు ఎరుగరు. 1867 జనవరిలో క్లౌ పేరయ్య ఊరికి పోగా, ఆయన మాట వినిన బంధుమిత్రులు ఇరువదియెనిమిదిమంది ఒక్కసారి బాప్తిస్మము పొందిరి.

అంతట అగ్రవర్ణములవారు, వీరిని చేర్చుకొనినచో మేము రామనిరి. క్లౌ సంకటమున పడెను. ఆయన ఒక గదిలో బైబిలు తెరువగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లోకము నీచులుగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగము కనబడెను. ఆయన భార్య వేరొక గదిలో, భర్త చదివినది ఎరుగకయే, అదే భాగమును తెరచెను. ఈ సంగతిని వారు జీవితాంతము చెప్పుకొనిరి. ఇది యాదృచ్ఛికమని కొందరు అనవచ్చును. దానికి నేను వాదింపను. వారు ఆ తరువాత ఏమి చేసిరో అదియే నాకు ముఖ్యము. పలుకుబడిని వదలుకొని మాదిగపల్లెలవైపు తిరిగిరి. ఉద్యోగములో పైకిపోవు మెట్టును తెలిసి తెలిసి దిగుట ఎంత కష్టమో, ఇల్లు గడపు తండ్రి ఎవడైనను చెప్పగలడు.

ఇచ్చట పేరయ్యవంటివారి స్థితి కూడ చూడవలెను. మాదిగలు ఊరికి చెప్పులు కుట్టవలెను, మోటలకు తోలుబొక్కెనలు చేయవలెను, ఉత్సవములలో డప్పు కొట్టవలెను, చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవలెను. అందుకు పంటనూర్పుడులో కొన్ని గింజలు. క్రైస్తవులైనవారికి క్లౌ ముఖ్యముగా మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. చూచుటకు చిన్నవి. కాని డప్పు కొట్టకున్న ఊరిపెద్దలకు ఆగ్రహము వచ్చును. ఆదివారము కోతకు పోకున్న సోమవారము పని దొరకదు. పలుచోట్ల వారికి బావులు, బాటలు మూసివేసిరి. అయినను కులవృత్తిని పూర్తిగా విడిచిపొమ్మని ఎవరికిని చెప్పలేదు. చెప్పులు కుట్టువాడు చెప్పులు కుట్టుచునే యుండెను. మారినది వాని తల ఎత్తు. చచ్చినదానిని తిననివానిని చూచి ఊరు మొదట నవ్వెను, తరువాత కొంత ఆలోచించెను.

(ప్రసంగవశమున మరియొక చెప్పులు కుట్టువాని సంగతి. 1761లో ఇంగ్లండున పుట్టిన విలియం కేరీ చర్మకారునివద్ద పని నేర్చి, ఆ పనిచేయుచునే గ్రీకు, హీబ్రూ భాషలు అభ్యసించెను. వంగదేశమునకు వచ్చి, కొన్నియేండ్లు నీలిమందు కర్మాగారమును నడిపి పొట్టపోసికొనెను. మన భాషకు ఆయన వ్యాకరణము 1814లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఒక విందులో ఎవరో ఆయనను చిన్నబుచ్చుటకై, ఈయన జోళ్ళు తయారుచేయువాడు కాదా అని అడుగగా, కాదు, పాతవి బాగుచేయువాడనే అని తానే సరిదిద్దెనట. పిల్లలకు చెప్పదగిన కథ.)

1876లో మద్రాసు రాజధానిలో వానలు తప్పెను. మరుసటి యేడును తప్పెను. దక్షిణదేశమున లక్షలమంది ఆకలిచేతను, దాని వెంట వచ్చిన కలరాచేతను మరణించిరి. తిండి లేనివారికి పని కల్పించుటకై ప్రభుత్వము తీరము వెంబడి బకింగ్‌హాం కాలువను త్రవ్వింపసాగెను. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి వచ్చినది. పని ఉన్నది, కాని పల్లెలనుండి వచ్చిన బక్కజనము మేస్త్రీల దండనకును, కూలి కాజేయువారికిని లోబడవలసివచ్చెను. ఎముకల గూడులవలె ఉన్నవారిని, కులమును బట్టి ఇంకను వెనుకకు నెట్టివేయుచుండిరి. క్లౌ ఇది చూచి, కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును తానే గుత్తకు తీసికొనెను.

మిన్నెసోటా అడవులలో గొలుసు మోసిన కుర్రవాడు ఇప్పుడు బయటికి వచ్చెను. మట్టము చూచుట, కొలుచుట, ఎన్ని ఘనగజముల మన్ను త్రవ్విన ఎంత కూలి చెల్లునో లెక్కకట్టుట, ఇవన్నియు ఇరువదియేండ్ల క్రిందట జీతము కొరకు నేర్చినవి. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వేలాదిమంది వచ్చి త్రవ్విరి. గంపలు మోయువారు మోయుచుండిరి. అలసి కూర్చున్నవారి ప్రక్కన బోధకుడు కూర్చుండి, భారము మోయువారిని తన యొద్దకు రమ్మనిన క్రీస్తును గూర్చి చెప్పుచుండెను. గంప క్రిందపెట్టి వినువానికి ఆ మాట ఎట్లు తగిలెనో ఊహింపవచ్చును. అప్పటికి మన ముత్తాతలలో కొందరు నిజాము రాజ్యమునుండి ఈ బొంబాయికి వచ్చి, ఇట్లే గంపలెత్తి, మన్ను మోసి, కమాఠీలని పేరుపడి, ఈ పేటకు తమ పేరిచ్చిరి. కాలువ త్రవ్వినవారు వేరు, మనవారు వేరు. తలమీది గంప ఒకటియే.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయము. ఆకలిగొన్న జనము గుంపులుగా వచ్చి మమ్ము మీ మతములో చేర్చుకొనుడని అడిగిరి. క్లౌ ఒప్పుకొనలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, పదునైదు మాసములు, ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. పనికి కూలి ఇచ్చెను, కరవునిధులనుండి సహాయము పంచెను, విశ్వాసమును మాత్రము అన్నముతో ముడిపెట్టలేదు. కరవు తగ్గి, కూలిపని అయిపోయి, సహాయము ఆగిన పిమ్మట, ఇక మీకు ఇచ్చుటకు నావద్ద ధనము లేదు, ఊళ్ళకు పొండని చెప్పెను. వారు పోలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదీతీరమున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు వంతున నీటిలో నిలిచి ఆ కార్యము జరిపిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

ఈ పెద్ద సంఖ్యను చూచి కొందరు మురియుదురు, కొందరు ముఖము చిట్లింతురు. కరవు తరువాత వచ్చినవారు కరవు వలననే వచ్చిరని అనువారికి, ఆ పదునైదు మాసములు పూర్తిగా జవాబు చెప్పవు. ఆకలినాడు చేయిపట్టినవానిని ఎవడు మరచును? కృతజ్ఞత, విశ్వాసము మనస్సులో వేరువేరు గదులలో ఉండునా? అది నిజమే. నా దృష్టి మాత్రము 2,222 మీద కంటె ఆ పదునైదు మాసములమీదనే నిలుచును. తన వృత్తిలో ఫలితము చేతికందుచున్న సమయమున, అది సరియైన ఫలితము కాదేమోనని చేయి వెనుకకు తీసికొనుట ఉద్దేశము గలవాడే చేయగలడు. వృత్తిలో పైకిపోవలెననునంత మాత్రము కోరువాడు లెక్క పెంచుకొని పైవారికి వ్రాసి పంపియుండును.

మన పిల్లలకు దీనిలో ఏమున్నది? పదవ తరగతి పిల్లవానిని కూర్చుండబెట్టి "నీ జీవితోద్దేశమేమి?" అని అడుగు అలవాటు ఈమధ్య ప్రబలినది. పాపము వాడేమి చెప్పును! క్లౌ ఇరువదియేండ్లవాడై యుండగా అడిగినచో న్యాయవాదినగుదునని చెప్పియుండును. ఉద్దేశము ముందు తెలిసి, దానికి తగిన విద్య తరువాత నేర్చువారు అరుదు. దొరికిన పనిని నిజాయితీతో నేర్చినవానికి ఆ విద్య ఏనాడో ఒకనాడు ఎదురువచ్చి అక్కరకు నిలుచును. అట్లని, దేవుడు పిలుచువరకు వేచియుందునని పుస్తకము మూసి మంచముమీద పండుకొను కుర్రవానికి ఈ కథ ఆధారము కాజాలదు. అట్టివారిని గూడ నేను చూచితిని. గొలుసు మోయనివానికి కాలువ రాదు.

క్లౌ కథలో మనకొక అసంతృప్తి మిగులును. ఆయన విదేశీయుడు, మిషను జీతము కలవాడు, దొర. నెలజీతము చాలక, పని నేడుండి రేపు పోవు మనవంటివారికి ఈ మాటలు చెల్లునా? చెల్లునో లేదో చూచుటకు మరియొకరి యొద్దకు పోవలెను.

గుర్రం జాషువగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిరి. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, క్రైస్తవ కుటుంబము. రెండు కులములవారును దగ్గరకు రానీయని యిల్లు అది. బాల్యమున బడిలో అంటరానివాడను అవమానమును ఆయన మరువలేదు. చిన్నతనముననే వివాహమై సంసారభారము తలమీద పడెను. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ ఉద్యోగమును పోయెను. అంతట రాజమహేంద్రవరము పోయి, 1915–16 ప్రాంతమున, సినిమా వాచకుడయ్యెను. ఆనాటి చిత్రములకు మాట లేదు; తెరమీద బొమ్మ కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను గట్టిగా చదివి వినిపించువాడొకడు ఉండవలెను. ఆ ఉద్యోగము నేడు ప్రపంచములో లేదు. మాటలాడు చిత్రములు వచ్చినవి, ఆ వృత్తి మాయమయ్యెను. మిల్లు కార్మికుడు అని వ్రాసిన ఆ తండ్రిని తలచుకొనునపుడెల్ల నాకు ఈ సినిమా వాచకుడు గుర్తుకువచ్చును.

తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు పదియేండ్లు పనిచేసెను. పనిచేయుచునే చదివి, ఉభయభాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణుడై, 1928 మొదలు 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధప్రచారకుడు. 1957–59లో మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాత. ఇన్ని ఉద్యోగములు చెప్పుట ఎందులకనగా, మన పత్రములోని ఆ గడిలో జాషువగారు ఏమి వ్రాసియుందురు? ఒక్కొక్క జూనులో ఒక్కొక్క మాట. ఆ మాటలన్నిటి క్రింద మారనిది ఒకటి ఉన్నది. మనుష్యుని మనుష్యుడు అంటరానివాడనుట అన్యాయమని చెప్పుటకై పద్యము వ్రాయుట. మూడు రూపాయల నాడును వ్రాసెను, ఉద్యోగము లేనినాడును వ్రాసెను.

ఈ పట్టుదల ఎచ్చటినుండి వచ్చినది? విశ్వాసమునుండి అని ఒక్కమాటలో చెప్పినచో జాషువగారికి అన్యాయము చేసినవారమగుదుము. ఆయన విశ్వాసము తిన్నని బాట కాదు. సంస్కృతమును, పురాణములను చదివినందుకు ఒకవైపువారు, క్రైస్తవుడై పద్యము వ్రాసినందుకు మరియొకవైపువారు ఆక్షేపించిరి. 1941లో వెలువడిన "గబ్బిలము"లో ఆకలితో నకనకలాడు ఒక అంటరానివాడు, తనను గుడిలోనికి రానీయరు గనుక, గుడిలో వ్రేలాడు గబ్బిలముచేత కాశీలోని శివునికి తన మొర పంపుకొనును. క్రైస్తవ కవి శివునికి మొర పంపుటయా అని అడుగువారికి ఆ కావ్యమే జవాబు. తలుపు మూసినది దేవుడు కాదని కవి ఎరుగును. అవధానవిద్యలో ఆరితేరిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. బడిలో దూరముగా కూర్చుండబెట్టబడిన ఆ బాలుని పాదమును ఒక వృద్ధ బ్రాహ్మణ పండితుడు పట్టుకొనిన దినమది.

ఏబదియేండ్లు దాటిన పిమ్మట, ఇన్ని ఉద్యోగములు చుట్టివచ్చిన పిమ్మట, ఆయన క్రీస్తుకథను పద్యకావ్యముగా రచించెను. "క్రీస్తు చరిత్ర" 1958లో వెలువడినది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆ యేడే శాసనమండలి సభ్యులైరి. 1970లో పద్మభూషణ బిరుదము. 1971 జూలై 24న గుంటూరులో దివంగతులైరి. దీర్ఘాయుష్మంతుని జీవితమున గౌరవములు వచ్చిన కాలము కొద్ది. కూలి వెదకుకొనిన కాలమే ఎక్కువ. గౌరవములనాటి ఫొటోను మాత్రమే పిల్లలకు చూపుట మన పాఠ్యపుస్తకముల లోపము. రాజమహేంద్రవరపు చీకటి డేరాలో తెరప్రక్కన నిలిచి గొంతు చించుకొను యువకుని ఫొటో ఉండినచో నేను తరగతి గోడకు దానినే తగిలింతును.

మన పేటలోని తల్లులకు ఒక మాట. మీరు ఇంటింటి పనికి పోవుదురు, ఆసుపత్రులలో ఆయాలుగా పనిచేయుదురు, ఇంట కూర్చుండి అద్దకములు కుట్టి ముక్కకు ఇంతయని తీసికొందురు. పత్రములో మీ పనికి చాలమంది "గృహిణి" అని వ్రాసి ఊరకుందురు. క్లౌగారి భార్య రెండవ గదిలో తెరచిన పుస్తకమును గూర్చి పైన చెప్పితిని. ఆ నిర్ణయములో సగము ఆమెది. పేరయ్యతో నలుబది మైళ్ళు నడచివచ్చిన భార్యకు కూడ పేరున్నది: నాగమ్మ. చరిత్రలు వ్రాయువారు గడిని ఖాళీగా విడుతురు గనుక, నేను ఇచ్చట నింపుచున్నాను.

మొన్న తొమ్మిదవ తరగతిలో ఈ కాలువ కథ చెప్పుచుండగా వెనుకబెంచీ కుర్రవాడు ఒకడు లేచి, "ఆ కాలువ ఇప్పుడున్నదా సార్?" అని అడిగెను. ఉన్నదని చెప్పితిని. ఒకప్పుడు దానిలో ధాన్యము, ఉప్పు, కట్టెలు పడవలమీద మద్రాసునకు పోయెడివి. రైలు వచ్చిన పిమ్మట పడవలు తగ్గెను. 1965–66లోను, 1976లోను వచ్చిన తుపానులకు చాలభాగము పూడిపోయెను. మద్రాసు నగరములో అది నేడు మురుగుకాలువ. "అయితే త్రవ్వినదంతయు వ్యర్థమే గదా సార్" అని వాడు కూర్చుండబోయెను.

నేను వానిని నిలువుమని, 2004 డిసెంబరు 26వ తేది సంగతి చెప్పితిని. సునామీ అలలు తీరముమీద విరుచుకొని పడిన ఆ ఉదయమున, పెదగంజాము మొదలు మద్రాసు వరకు సముద్రమునకు సమాంతరముగా పడియున్న ఆ పాత కాలువలోనికి నీరు దూకి నిండెను. కొన్నిచోట్ల గట్లు పొరలెను. పది పదునైదు నిమిషములలో నీరు తిరిగి సముద్రములోనికి పోయెను. కాలువకు ఈవల పల్లెలలో ఉన్న బెస్తవారు పెక్కుమంది బ్రతికి బయటపడిరి.